సిస్టరక్క

మా తిరుపతిలో దేవుళ్ళకు కూడా చుట్టరికాలు ఉంటాయి. కొండమీద ఉండేది వేంకటేశ్వరస్వామి. కింద ఊర్లో పడుకుని ఉండే గోవిందరాజస్వామి ఆయనకు అన్న. తమ్ముడి పెళ్ళికి కుబేరుడి దగ్గర తెచ్చిన అప్పు తీర్చేదానికి డబ్బులు కొలిచి కొలిచి అలిసిపోయి, ఆ కుంచాన్నే తలకింద పెట్టుకుని నిద్రపోయినాడంటారు. తాతయ్యగుంట గంగమ్మ ఏమో స్వామికి చెల్లెలు. మే నెలలో జాతర వచ్చిందంటే అన్న ఇంటి నుంచి ఆమెకు సారె రావాల్సిందే. కడప ముస్లిములకైతే స్వామి అల్లుడు, బీబీ నాంచారమ్మ వాళ్ళింటి ఆడపిల్ల కాబట్టి. ఇట్లాంటి ఊర్లోకి ‘సిస్టర్’ అనే ఇంగ్లీషు మాట వస్తే, దాన్ని మాత్రం వరస కలపకుండా వదిలిపెడతారా?

మా పిన్నమ్మను చాలామంది ‘సిస్టరక్క’ అనేవాళ్ళు.

పిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. 1970ల చివర్లో తిరుపతిలో ఒక పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు. మాది చిత్తూరు. ఎండాకాలం సెలవులు ఇస్తానే నన్నూ తమ్ముణ్ణీ బస్సెక్కించి ఆమె దగ్గరికి పంపించేవాళ్ళు. బస్సు చంద్రగిరి దాటి కొండ కనిపించిందంటే తమ్ముడు గోవిందా అని అరిచేవాడు, బస్సులో సగం మంది వాడితో పాటు గోవిందా అనేవాళ్ళు.

ఆమె క్వార్టర్సు ఒక గది, ఒక వంటిల్లు. ఆ ఇంట్లో నాకు బాగా గుర్తుండేది గోడకు మేకుకొట్టి తగిలించిన అద్దం. డ్యూటీకి వేసుకునే తెల్ల టోపీ గుడ్డను చిక్కటి గంజిలో ముంచి, పిండి, ఒక్క ముడత లేకుండా ఆ అద్దానికి అంటించేది. అంచుల దగ్గర బొటనవేలితో నొక్కుకుంటా పోయేది, లోపల గాలి బుడగ ఉంటే మళ్ళీ పీకి మళ్ళీ అంటించేది. రాత్రంతా ఆరినాక పొద్దున్నే ఒక మూల గోరుతో లేపితే, మొత్తం ఒక్కటే అప్పడంలాగ పెళపెళా ఊడొచ్చేది. దాన్ని మడతలు పెట్టి, పిన్నులు గుచ్చి, తలకు పెట్టుకునేది. టోపీ ఆరే రాత్రి ఆ ఇంట్లో ఎవరూ మొహం చూసుకోవడానికి లేదు. తల దువ్వుకోవాలంటే పక్క క్వార్టర్సుకు పోవాల్సిందే.

వార్డులో ఆమెను పిలిచే పిలుపులు వినాల. ముసలోళ్ళు ‘నర్సమ్మా’ అనేవాళ్ళు. చదువుకున్నోళ్ళు ‘సిస్టర్’ అనేవాళ్ళు. పలమనేరు, కుప్పం దిక్కు నుంచి వచ్చిన పల్లెటూరోళ్ళకు ఒట్టి ‘సిస్టర్’ అంటే మర్యాద తక్కువగా తోచేదేమో, చివర ఇంకొకటి తగిలించి ‘సిస్టరమ్మా’, ‘సిస్టరక్కా’ అనేవాళ్ళు. నడి సెంటరు అన్నట్టు ఒకే అర్థాన్ని రెండుసార్లు చెప్తారేంటి అని ఇంగ్లీషు చదువుకున్న మా మేనమామ నవ్వేవాడు. నాకు మాత్రం అది సరైన మాటగానే కనిపిస్తుంది. సిస్టర్ అనేది ఉద్యోగం, అక్క అనేది మనిషి. మగ నర్సులను ఇప్పటికీ మన ఆసుపత్రుల్లో ‘బ్రదర్’ అంటారు కదా, ఆ వార్డులో ఒకాయన ‘బ్రదరన్న’ కూడా అయినాడు.

నాకు ఇంకొక సిస్టర్ కూడా ఉండేది. చిత్తూరులో నేను చదివిన కాన్వెంటులో మఠకన్యలు. అక్కడ సిస్టర్ అంటే మోకాళ్ళమీద నిలబెట్టే మనిషి, ఇక్కడ సిస్టర్ అంటే సూదేసే మనిషి. రెండు చోట్లా తెల్లబట్టలే. ఇంగ్లీషు పాఠంలో మాత్రం సిస్టర్ అంటే గౌను వేసుకుని అన్నతో బంతాట ఆడే పిల్ల. ఆ మూడో సిస్టర్ను నేను నిజంగా ఎక్కడా చూడలేదు. మా ఇళ్ళల్లో ఉండేది అక్క, లేదంటే చెల్లెలు. రెంటికీ కలిపి ఒక మనిషి ఉండదు.

జర్మన్ మాట నా చెవిన పడింది ఆ క్వార్టర్సులోనే. పక్క గదిలో కేరళ నుంచి వచ్చిన నర్సు ఒకామె ఉండేది. అందరూ ఆమెను ‘చేచ్చి’ అని పిలిచేవాళ్ళు. మలయాళంలో అక్క అని. అంటే ఆమె కూడా ఒకరకంగా సిస్టరక్కే. ఆమెకు సొంత అక్క ఒకామె జర్మనీలో నర్సు. 1960లలో చర్చిల ద్వారా కేరళ అమ్మాయిలు వేలమంది అక్కడి ఆసుపత్రులకు పోయినారు. అక్కడ నర్సులు చాలక పిలిపించుకున్నారు. వీళ్ళు పంపిన డబ్బులతో ఇక్కడ ఇళ్ళు లేచినాయి, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు అయినాయి. భర్తలు వెనకాల పోతే వాళ్ళకు మొదట్లో పని చేసుకునేదానికి అనుమతి దొరికేది కాదు. ఇంటాయన వంటా పిల్లలూ చూసుకుంటా ఉంటే ఈమె డ్యూటీకి పోయేది. ఆ సంగతి చేచ్చి చెప్పినప్పుడల్లా మా పిన్నమ్మ మళ్ళీ ఒకసారి చెప్పించుకునేది.

అక్క నుంచి వచ్చే కవర్ల మీద స్టాంపులు నాకూ తమ్ముడికీ చెరిసగం. కొన్నిటి మీద రెండు అంకెలు, వాటి మధ్య కూడిక గుర్తు ఉండేది. మొదటిది తపాలా ఖర్చు, రెండోది సేవాసంస్థలకు పోయే చందా అని చేచ్చి చెప్పింది. ఉత్తరం వేస్తానే దానం కూడా అయిపోతుందన్న మాట. హుండీ ఉండే ఊరికి ఏటా వచ్చిపోయే పిల్లలకు అది ఇట్టే అర్థమైపోయింది.

చేచ్చి కూడా జర్మనీకి పోవాలనే అనుకునింది. అందుకోసం ఒక నోటుబుక్కు పెట్టుకునింది. పేజీకి మూడు గీతలు కొట్టి ఒకవైపు మలయాళం, మధ్యలో ఇంగ్లీషు, చివర జర్మన్. అక్క ఉత్తరాల్లో రాసి పంపే మాటలన్నీ అందులో ఎక్కించేది. నేను నాలుగో గీత కొట్టి తెలుగు రాస్తానని కూర్చున్నాను. ఆ పని ‘సిస్టర్’ దగ్గరికి వచ్చి ఆగిపోయింది, ఎందుకంటే ఆ ఒక్క మాటకే ఆమె పేజీ మొత్తం వాడేసింది.

తోడబుట్టిన సిస్టర్ జర్మన్‌లో ష్వెస్టర్. ఆసుపత్రి సిస్టర్ కూడా ష్వెస్టరే. విడమర్చి చెప్పాలంటే క్రాంకెన్‌ష్వెస్టర్, ‘రోగుల అక్క’ అనుకోవచ్చు. హెడ్ సిస్టర్ ఓబర్‌ష్వెస్టర్. కాన్వెంటు సిస్టర్ ఓర్డెన్స్‌ష్వెస్టర్, పిలిచేటప్పుడు ఆమే ఒట్టి ష్వెస్టర్. అక్కకూ చెల్లెలికీ వేరే మాటలు అక్కడ కూడా లేవు, కావాలంటే ‘పెద్ద ష్వెస్టర్’, ‘చిన్న ష్వెస్టర్’ అనుకోవాల్సిందే. చేచ్చి ఆ రెండు వరసల ఎదురుగా మలయాళంలో చేచ్చి, అనియత్తి అని రాసి ఉంటే, నేను అక్క, చెల్లెలు అని రాశాను. ఆ రెండు గళ్ళు మాత్రం చక్కగా కుదిరినాయి.

అదే పేజీలో ‘గెష్విస్టర్’ అని ఒక మాట ఉండేది. అన్నలు, తమ్ముళ్ళు, అక్కలు, చెల్లెళ్ళు అందరినీ కలిపి చెప్పే మాట. మన తోబుట్టువులు. అయితే ఆ మాట పుట్టింది ష్వెస్టర్ నుంచి. అంటే ఒకే కడుపున పుట్టిన మగపిల్లలను కూడా అక్కచెల్లెళ్ళ పేరుతోనే లెక్కపెడతారు. పిన్నమ్మకు అది ఎంత నచ్చిందో చెప్పలేను. “మగోళ్ళను తీసుకొచ్చి అక్క కొంగుకు ముడేసినారే, బలే పనిచేసినారు” అనింది. వాళ్ళ అన్న మీద అప్పటికే కోపంగా ఉండేది, అందుకని ఇంకొంచెం గట్టిగా నవ్వింది.

సంస్కృత విద్యాపీఠంలో చదివే ఒకాయన ఆ క్వార్టర్స్‌లో పిల్లలకు సాయంత్రాలు ట్యూషన్ చెప్పడానికి వచ్చేవాడు. ఆయన ఆ పేజీ చూసి, “ఇదేమిటి, స్వసృ మాదిరుందే” అన్నాడు. అమరకోశంలో అక్కచెల్లెళ్ళకు చెప్పిన మాటల్లో స్వస ఒకటి. సిస్టర్, ష్వెస్టర్, స్వస, మూడూ ఒక వేరు నుంచి వచ్చినవే. అక్క, చెల్లెలు ఆ వంశంవి కావు, మన ద్రావిడ మాటలు. ఆయన ఆ రోజు లెక్కలు చెప్పకుండా అదే చెప్పుకుంటా కూర్చున్నాడు. నాకు అంతకన్నా మంచి ట్యూషన్ మళ్ళీ దొరకలేదు.

సిస్టర్-ఇన్-లా సంగతి మళ్ళీ ఇక్కడ తవ్వను. వదిన, మరదలు, ఆడబిడ్డ, తోడికోడలు, అందరినీ ఇంగ్లీషోళ్ళు ఒకే మూటలో కట్టినారని మనం చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం, జర్మన్‌లోనూ ఒకే మూట, ష్వేగరిన్. అది చూపించి మన భాషకున్న వరసలు ఇంకెవరికీ లేవని రొమ్ము విరుచుకునేవాళ్ళతో నాకు పడదు. జర్మన్‌లో ఒకప్పుడు మేనమామకు ఓహైమ్ అనే మాట ప్రత్యేకంగా ఉండేది. ఇప్పుడు కజిన్ అనే అర్థంలో వాడే ఫెట్టర్ మొదట్లో చిన్నాయన, పెదనాయనల మాట. ఫ్రెంచి నుంచి ఓంకెల్, టాంటె వచ్చి పాతవాటిని పక్కకు నెట్టేసినాయి. మా అపార్టుమెంటులో పిల్లలు పాలవాడి దగ్గర నుంచి నా దాకా అందరినీ అంకుల్, ఆంటీ అంటున్నారు. వాళ్ళకు జరిగిందే మనకూ జరుగుతా ఉంది, కొంచెం ఆలస్యంగా.

నర్సును సిస్టర్ అని ఎందుకంటారో నాకు పెద్దయినాక తెలిసింది. రోగులకు సేవచేసే పని యూరప్‌లో శతాబ్దాల పాటు మఠాల్లో ఉండే ఆడవాళ్ళ చేతిలో ఉండేది. 1836లో జర్మనీలో రైన్ నది ఒడ్డున కైజర్స్‌వెర్త్ అనే చోట ఫ్లీడ్నర్ అనే పాస్టరు, మఠంతో పనిలేకుండా ప్రొటెస్టెంటు ఆడవాళ్ళకు ఈ పని నేర్పించే సంస్థ ఒకటి పెట్టాడు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1851లో పోయి శిక్షణ తీసుకునింది అక్కడే. మఠాలు పోయినా పిలుపు పోలేదు. పెళ్ళి, సంసారం అన్నీ ఉన్న నర్సు కూడా సిస్టరే. ఇంగ్లండులో ఆ మాట వార్డు చూసుకునే పెద్ద నర్సుకే పరిమితం. మన దేశానికి వచ్చేసరికి నిన్న చేరిన అమ్మాయి కూడా సిస్టర్ అయిపోయింది.

మా దిక్కుకు ఆ గాలి వేలూరు నుంచి వచ్చింది. అక్కడ సి.ఎం.సి. అనే మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ బడి 1909లోనే మొదలైంది. చిత్తూరు నుంచి వేలూరు ఎంతో దూరం కాదు. మా వాళ్ళకు పెద్ద జబ్బు ఏది చేసినా పోయేది అక్కడికే. మా తాతకు కడుపు ఆపరేషను అయినప్పుడు తోడుగా ఉండేదానికి పిన్నమ్మను పంపించినారు. అప్పటికి లంగా ఓణీ వయసు. అక్కడ ఒక సిస్టరు డాక్టరుతో నిలబడి, కేస్ షీటు చేత్తో పట్టుకుని, “ఈ మందు పొద్దున వేసినాక వాంతి అయింది, మార్చండి” అని చెప్పిందంట. డాక్టరు మార్చినాడంట. మొగాడికి ఎదురుగా అంత నిదానంగా మాట్లాడి పని జరిపించుకున్న ఆడమనిషిని అంతవరకూ చూడలేదంట పిన్నమ్మ. ఇంటికొచ్చి నర్సింగ్ చదువుతానని పట్టుబట్టింది. తాత ఒప్పుకున్నాడు. మేనమామ ఒప్పుకోలేదు. రాత్రి డ్యూటీలు చేసే పిల్లకు సంబంధాలు యాడ నుంచి తెచ్చేది అని ఆయన బాధ.

సంబంధం ఆమే తెచ్చుకునింది. ఆసుపత్రి ల్యాబులో పనిచేసే ఆయన, మా కులం కాదు. దాంతో మేనమామ రాకపోకలు మానేసినాడు. పండగకు చీర లేదు, సీమంతానికి మనిషి రాలేదు. ఊరందరికీ సిస్టరైన మనిషికి ఆ ఇంట్లో ఆడపడుచు వరస లేకుండా పోయింది. పిన్నమ్మ దాని గురించి ఎప్పుడూ ఏడవగా నేను చూడలేదు. మేనమామ పేరు వస్తే గిన్నెలు మాత్రం కొంచెం గట్టిగా పెట్టేది.

ఒక ఏడాది గంగమ్మ జాతరప్పుడు జరిగింది ఇది. ఊరంతా వేషాలు. మొగోళ్ళు మొక్కు తీర్చుకునేదానికి చీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని తిరుగుతా ఉన్నారు. క్వార్టర్సు ముందుకు ఒకాయన వచ్చి నిలబడినాడు. పట్టుచీర, చేతినిండా గాజులు, మూతికి మీసం. “సిస్టరక్కా” అని పిలిచినాడు. పిన్నమ్మ ఎవరా అని చూసింది. ముందు ఏడాది ఆయన పెండ్లాము కాన్పు కష్టమై వార్డులో చాలా రోజులు ఉండిందంట. పిన్నమ్మకు ఆమె గుర్తుంది, ఈయన గుర్తులేడు. గుర్తున్నా ఆ అవతారంలో పోల్చుకునేదెట్లా? చేతిలో వెదురు తట్ట. అందులో పసుపు కొమ్ములు, కుంకుమ పొట్లం, ఆకుపచ్చ రవికెగుడ్డ, రెండు అరటి అత్తాలు. “గంగమ్మకు అన్న ఇంటి నుంచి సారె వచ్చింది గదక్కా. నీకూ ఒకటి తెచ్చినా” అన్నాడు.

ఆసుపత్రిలో మామూళ్ళు తీసుకునేవాళ్ళంటే పిన్నమ్మకు మంట. ఎవరు ఏది తెచ్చినా వెనక్కి పంపించేది. ఆ తట్టను కూడా పంపించేస్తుందనే చేచ్చి, నేను అనుకున్నాం. పిన్నమ్మ కొంచెంసేపు ఆయన మీసం దిక్కే చూసి, లోపలికి పోయి చాప తెచ్చి వేసి, “కూర్చో అన్నా, మజ్జిగ తాగు” అనింది. ఆయన వయసులో ఆమెకన్నా చిన్నోడు.

ఆ రవికెగుడ్డ కుట్టించుకునింది. వేసుకుంటే చంకల్లో బిగుతు అనేది. అయినా ప్రతి జాతరకూ అదే.

చేచ్చి జర్మనీకి పోలేదు. 1973లోనే ఆ దేశం బయటివాళ్ళను పనికి పిలిపించుకోవడం ఆపేసింది, దారి ఇరుకైపోయింది. కొన్నాళ్ళు చూసి, గల్ఫ్‌కు పోయింది. పోయేటప్పుడు నోటుబుక్కు నాకిచ్చింది. ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది గానీ, ఆ ఒక్క పేజీ నాకు కంఠతా వచ్చు.

ఇప్పుడు మా ఇంట్లో జర్మన్ మళ్ళీ వినిపిస్తా ఉంది. తమ్ముడి కూతురు బి.ఎస్సీ. నర్సింగ్ చేసి, జర్మనీకి పోయేదానికి ఆ భాష నేర్చుకుంటా ఉంది. పొద్దున ఆసుపత్రి డ్యూటీ, సాయంత్రం క్లాసు, రాత్రి ఫోనులో వినడం. ఆ భాషకు పెట్టిన మెట్లలో ఎ1, ఎ2, బి1 దాటి బి2లో ఉంది. ఒకరోజు నేను నా పాత విద్య బయటికి తీసి, “నర్సంటే క్రాంకెన్‌ష్వెస్టర్ కదా” అన్నాను.

“అది పాతమాట అత్తా” అనింది.

నిజమే. 2004లో అక్కడ చట్టం మార్చి ఆ పేరు తీసేసి, గెజుంట్‌హైట్స్ ఉంట్ క్రాంకెన్‌ప్‌ఫ్లేగెరిన్ అని పెట్టినారు. అది మరీ పొడుగని కాదు గానీ, 2020 జనవరి 1 నుంచి ఇంకొక చట్టం వచ్చి ప్‌ఫ్లేగెఫాఖ్‌ఫ్రావ్ అయింది. మగాళ్ళయితే ప్‌ఫ్లేగెఫాఖ్‌మాన్. సంరక్షణలో నిపుణురాలు, నిపుణుడు అని అర్థం. ముసలి రోగులు ఇంకా ష్వెస్టర్ అనే పిలుస్తారు గానీ చాలామంది నర్సులకు అది నచ్చదంట. డాక్టరుకు ఇంటిపేరు, మగ నర్సుకు కూడా ఇంటిపేరు, మాకు మాత్రం ష్వెస్టర్ అని పక్కన చిన్నపేరు ఏమిటని వాళ్ళ పేచీ. మా మేనకోడలు పేచీ కూడా అదే. “ఇక్కడ సిస్టర్ సిస్టర్ అంటానే నైట్ డ్యూటీలో ఎవడో ఒకడు నోరు పారేసుకుంటాడు. సిస్టరని పిలిస్తే జీతం పెంచమని అడిగేదానికి కూడా నోరు రాదత్తా. నేను చదువుకునింది, నా చదువు పేరుతో పిలవనీ.”

దాని మాటే నాకు సరిగ్గా తోస్తుంది. ఆకుపచ్చ రవికెగుడ్డ నా కళ్ళముందే ఉన్నా సరే. సారె తెచ్చినోడు ఒకడు. అర్ధరాత్రి క్వార్టర్సు తలుపు కొట్టి, సిస్టర్‌వి కదా రావా అని తిట్టినోళ్ళు ఎంతమందో. ఆ తలుపు శబ్దాలు కూడా నేను విన్నాను.

పిన్నమ్మకు డెబ్బై దాటినాయి. మోకాళ్ళు సహకరించవు. ఆ కొత్తపేరు విని, ఒకటికి రెండుసార్లు చెప్పించుకుని, తనూ పలకాలని చూసింది. ఆ ‘ప్‌ఫ్లే’ దగ్గరే ఆగిపోయింది.

పరీక్షలో మాట్లాడే భాగం ఒకటి ఉంటుంది. దానికోసం మేనకోడలు ఇంట్లో వాళ్ళనే రోగులను చేసి సాధన చేస్తా ఉంటుంది. మొన్న ఆదివారం పిన్నమ్మను మంచం మీద పడుకోబెట్టింది. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, పది మార్కులకు ఎంత నొప్పి అని జర్మన్‌లో అడుగుతుంది. పిన్నమ్మ తెలుగులో చెప్పాల, ఈ పిల్ల దాన్ని జర్మన్‌లో డాక్టరుకు చెప్పినట్టు చెప్పాల. ఆ డాక్టరును నేనే. పిన్నమ్మ కళ్ళు మూసుకుని, నిజంగా నొప్పి వచ్చినట్టు మూలిగి, “ష్వెస్టర్!” అని పిలిచింది. యాభై ఏళ్ళ కిందట చేచ్చి దగ్గర నేర్చుకున్న మాట, ఒక్క అక్షరం తప్పకుండా.

“అట్ల పిలవకూడదవ్వా. ఫ్రావ్ అని, తర్వాత నా ఇంటిపేరు చెప్పాల.”

“నొప్పి నాది” అనింది పిన్నమ్మ, కళ్ళు తెరవకుండానే. “నా ఇష్టమొచ్చినట్టు పిలుస్తా. నువ్వు రా ముందు.”